మెట్ల గోడ మీద నలభై ఒక్క పూతలు

ఆ ఎండాకాలం టేపు పట్టుకుని మా ఇంటికి వెళ్ళేనాటికి నాకు ముప్పై నాలుగేళ్ళు, పాత ఇళ్ళు కొలవడంలో పదకొండేళ్ళ అనుభవం, దానికి రెట్టింపు పొగరు. పాత కట్టడాల కొలతలు తీసి, పటాలు గీసి, ఏ గోడ ఎప్పటిదో రాసిపెట్టడం నా ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో దూలాల కింద నిలబడి ఎన్నో తీర్పులు చెప్పాను. సొంతవాళ్ళ ఇంట్లో అది అంత తేలిక కాదని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదు.

మా ఇల్లు అని అలవాటు కొద్దీ అంటున్నాను గానీ అందులో నాకు వాటా లేదు. మా నాన్న మధ్యవాడు, తన భాగం ఎప్పుడో వదులుకుని ఉద్యోగం ఉన్న ఊళ్ళోనే స్థిరపడిపోయాడు. మేడ పెద్దనాన్నకి, కింది భాగం బాబాయికి అని పంపకాల కాగితంలో రాసుకున్నారు. పెద్దనాన్న పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. మేడ మీద పెద్దమ్మ ఆరు కుట్టుమిషన్లు పెట్టుకుని పదకొండు మంది ఆడవాళ్ళకి పని నేర్పిస్తూ, వాళ్ళ చేత బడిపిల్లల యూనిఫారాలు కుట్టిస్తూ ఉండేది. కింద బాబాయి, పిన్ని ఉండేవాళ్ళు.

ఆ పంపకాల కాగితం రాసినవాడెవడో గానీ గోడలు రాశాడు, గుమ్మాలు రాశాడు, పెరట్లో నీళ్ళ తొట్టిని కూడా వదల్లేదు. మెట్లు రాయడం మాత్రం మర్చిపోయాడు. వీధిలోంచి చూస్తే ఆ ఇంటికి రెండు తలుపులు. పెద్దది హాల్లోకి తెరుచుకుంటుంది. పక్కనున్న సన్నటిది మూడడుగుల నాలుగంగుళాల నడవలోకి. ఆ నడవ చివర పదిహేడు మెట్లు, వాటి పైన మేడ. నడవకీ హాలుకీ మధ్య ఒక పక్క గుమ్మం. గొడవంతా ఆ మెట్లు ఎవరివని.

గొడవకి కారణం పిన్ని దగ్గు. కింది గోడలకి నడుము ఎత్తు దాకా చెమ్మ. ఎంత గీకి పూసినా రెండు వానలకి మళ్ళీ పైకి పాకేది. ఆ చెమ్మలోంచి బయటపడకపోతే ఊపిరితిత్తులు దక్కవని డాక్టరు తేల్చి చెప్పాడు. బాబాయి కింది భాగం అమ్మేసి పొడిగా ఉండే ఇల్లు చూసుకుందామనుకున్నాడు. కొనడానికి ఒక మందుల దుకాణం ఆయన ముందుకొచ్చాడు, వానలు పడేలోపు పని కావాలన్నాడు. కాకపోతే నడవ కలిస్తేనే దుకాణానికి వెడల్పు వస్తుందట. మెట్లు తీసేస్తేనే కొంటానన్నాడు.

"మెట్లు తీసేస్తే నేను పైకెలా వెళ్ళాలి? గాలిపటం కట్టుకుని ఎగరాలా?" అంది పెద్దమ్మ. మూడో మెట్టు మీద నిలబడే అంది. ఎప్పుడు కిందవాళ్ళతో మాట్లాడాలన్నా ఆవిడ అక్కడిదాకా దిగి ఆగిపోయేది, హాలు గుమ్మం దాటేది కాదు. చిన్నప్పుడు అది గీర అనుకునేదాన్ని.

"నేలంతా నా వాటా వదినా. నేల మీద లేచిన మెట్లు నీవెలా అవుతాయి?" అన్నాడు బాబాయి హాలు గుమ్మంలో నిలబడి.

"ఈ మెట్లు మీ తాత కట్టించినవి. ఇల్లు ఎప్పటిదో ఇవీ అప్పటివే. ఇంటితో పుట్టినవి ఇద్దరికీ చెందుతాయి."

ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. అప్పుడు బాబాయే అన్నాడు, "మనకెందుకీ గొడవ? అమ్మాయి ఉందిగా. దాని పనే అది. మెట్లు ఇంటితోపాటు కట్టినవని తేలితే ఉమ్మడివి, జోలికి రాను. తర్వాత కట్టినవైతే నా వాటాలో కలుస్తాయి. దాని మాటే ఆఖరి మాట."

పెద్దమ్మ "నీ ఇష్టం" అని పైకి వెళ్ళిపోయింది. నాకైతే గొప్పగా అనిపించింది. రెండు వైపుల వాళ్ళూ నన్ను నమ్మారు కదా అని ఛాతీ ఉబ్బింది. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే నవ్వొస్తుంది.

నెల రోజులు సెలవు పెట్టి పని మొదలుపెట్టాను. హాలు పదహారడుగులు, పదకొండున్నర. గోడ మందం అడుగున్నర, పాతకాలపు పలచటి ఇటుక. హాలు పైకప్పులో రెండు దూలాలు మధ్యలోనే ఆగిపోయి ఒక అడ్డ దూలానికి అతుక్కుని ఉన్నాయి, వాటి మధ్య ఖాళీని వేరే రకం చెక్కతో మూసేశారు. చిన్నప్పుడు ఆ హాల్లోనే నాయనమ్మ పక్కన పడుకుని ఆ చెక్కల్ని వంద సార్లు చూసుంటాను. ఆ రోజు మాత్రం నిచ్చెనేసుకుని కొలిచి, పుస్తకంలో ఒక ప్రశ్న గుర్తు పెట్టుకున్నాను.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి కొలతలు వెర్రెత్తించాయి. ఒక మెట్టు ఎత్తు ఆరున్నర అంగుళాలు, ఇంకోటి ఏడుంపావు, తొమ్మిదోది ఏకంగా ఎనిమిదిన్నర. ఆ తొమ్మిదో మెట్టు మా అందరికీ చిరకాల శత్రువు. కొత్తవాళ్ళెవరైనా పైకి వెళ్తుంటే దబ్బున చప్పుడయ్యేది, మేడ మీంచి పదకొండు గొంతులు ఒకేసారి "తొమ్మిది!" అని అరిచేవి.

"ఇలా ఎగుడుదిగుడుగా ఎందుకు కట్టారు పెద్దమ్మా?"

"దొంగలు తట్టుకుని పడాలని. మీ ముత్తాత తెలివైనవాడు" అంది మిషన్ ఆపకుండా.

బడులు తెరిచే ముందు కాబట్టి యూనిఫారాల గుట్టలు నడుమెత్తున ఉన్నాయి. నీలం లాగులు ఒక మూల, తెల్ల చొక్కాలు ఒక మూల. ఆ పని చేతిలో ఉండగా మేడ ఖాళీ చేయాల్సి వస్తే ఆ పదకొండు మందీ పెద్దమ్మతోపాటే వీధిలో పడతారు. అది నాకు తెలుసు. కింద పిన్ని దగ్గు కూడా నాకు వినిపిస్తూనే ఉంది.

మూడో వారంలో మా ఆఫీసు పనులు చేసే ముసలి మేస్త్రిని తీసుకొచ్చాను. ఆయన్ని అందరూ గీకుడు మేస్త్రి అంటారు, కట్టడం మానేసి గీకడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళయింది కనక. ఆయన పని తీరు చాలా మందికి తెలియదు. పాత ఇళ్ళకి ఏటా వానల ముందు సున్నం వేస్తారు, అందులో కాస్త నీలిమందు కలుపుతారు. పూత మీద పూత పడి ఏళ్ళ తరబడి గోడకి అట్ట కడుతుంది. గోడని బ్లేడుతో ఏటవాలుగా, పెద్ద బొత్తాం అంత మేర గీకి, గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిస్తే ఆ పూతలన్నీ సన్నటి గీతలుగా బయటపడతాయి. భూతద్దం పెట్టుకుని వాటిని లెక్కపెట్టడమే.

హాల్లో చెమ్మ ఎక్కని ఎత్తులో మూడు చోట్ల గీకాడు. ఎనభై ఎనిమిది, ఎనభై ఎనిమిది, ఎనభై ఏడు. తర్వాత అదే గోడకి అవతలి వైపు, నడవలో గీకాడు. లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, భూతద్దం నా చేతికిచ్చాడు.

"మీరోసారి చూడండమ్మా. నా కళ్ళు పాతవి."

నలభై ఒకటి. ఇంకో రెండు చోట్ల గీకించాను. రెండు చోట్లా నలభై ఒకటే. ఆ పూతల కింద, గిలాబా కింద, ఇటుక నల్లగా ఉంది.

"వాన తిన్న ఇటుకమ్మా ఇది. ఈ వైపు చాలాకాలం ఆరుబయట ఉంది. ఈ నడవా మెట్లూ నిన్న మొన్న వచ్చినవి."

"నిన్న మొన్న అంటే?"

"పూతలు నలభై ఒకటి. ఇంట్లో మనిషి పోయిన ఏడో, చేతులాడని ఏడో సున్నం ఎగ్గొడతారు కదా. అవి మీ ఇంటివాళ్ళని అడగండి." అంతలో హాల్లోకి తొంగి చూసి పైకప్పులో మూసేసిన చోటు చూపించాడు. "అదీ మీ పాత దారి. అక్కడ చెక్క నిచ్చెన ఉండేది. మేడ మీదకి హాల్లోంచే ఎక్కేవారు."

నా పుస్తకంలోని ప్రశ్న గుర్తు తీరిపోయింది. దాంతోపాటు పెద్దమ్మ మేడా పోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ అన్నాలకి వెళ్ళిన సమయం చూసి పైకి వెళ్ళాను. పెద్దమ్మ బల్ల మీద నీలం గుడ్డ పరిచి సుద్ద గీత వెంట కత్తిరిస్తోంది.

"పెద్దమ్మా, మెట్లు ముత్తాత కట్టినవి కావు."

కత్తెర ఆగలేదు. గీత చివరిదాకా కత్తిరించి, ముక్క మడత పెట్టి, అప్పుడు అడిగింది. "ఎన్నంటాడు మీ గీకుడు మేస్త్రి?"

"నలభై ఒక్క పూతలు. సున్నం వేయని ఏళ్ళు కలుపుకోవాలట."

"ఐదు" అంది వెంటనే. "నేను వచ్చాక ఐదేళ్ళు వేయలేదు."

నలభై ఆరు. పెద్దమ్మ కాపురానికి వచ్చి నలభై ఆరేళ్ళని నాకు తెలుసు, ఆవిడ రోజుకోసారైనా చెప్పే లెక్కే అది. ఆవిడే చెప్పింది, ఇంకో గుడ్డ పరుచుకుంటూ.

"మా నాన్న ఈ ఇంటికి బట్టలు కుట్టేవాడు. ఆయన్ని వీధి గుమ్మం దగ్గరే నిలబెట్టి కొలతలిచ్చేవాళ్ళు. ఆ దర్జీ కూతుర్ని మీ పెద్దనాన్న ఎవరికీ చెప్పకుండా పెళ్ళి చేసుకున్నాడు. వచ్చిన రోజు మీ నాయనమ్మ నాతో మాట్లాడలేదు, కబురు పంపింది. మేడ మీద ఉంటే ఉండొచ్చు గానీ హాల్లోంచి నడవకూడదని. మేడకి ఉన్నది ఆ ఒక్క దారే. ఇంక ఎక్కడ ఉండను? మా పుట్టింటికి వెళ్ళిపోయా. మీ పెద్దనాన్న పగలంతా ప్రెస్సులో అక్షరాలు పేర్చి, సాయంత్రం వచ్చి ఇటుకలు పేర్చాడు. రోజుకో మెట్టు. పదిహేడో రోజున వచ్చి నన్ను తీసుకెళ్ళాడు. తాపీ పట్టుకోవడం తెలియని మనిషి, తొమ్మిదోది అలా వచ్చింది. ఇంట్లో మిగిలిన నిచ్చెన పీకేసి పొయ్యిలో పెట్టుకున్నారు."

"నాయనమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది కదా. తర్వాతయినా హాల్లోకి వెళ్ళలేదా?"

"రావద్దన్నారు. మళ్ళీ రమ్మని ఎవరూ అనలేదు."

నా సెలవులన్నీ గడిచింది ఆ హాల్లోనే. నాయనమ్మ ఒళ్ళో కూచుని, మూడో మెట్టు మీద నిలబడ్డ ఈవిడకి గీర అనుకుంటూ గడిపాను.

"పెద్దమ్మా, ఇది రాస్తే మెట్లు నీవే. పెద్దనాన్న నీ కోసం, తన చేతుల్తో కట్టాడు. ఎవరైనా ఒప్పుకుంటారు."

"రాయకు."

"రాయకపోతే మెట్లు బాబాయికి పోతాయి. ఒప్పందం అదే."

"పోతే ఇంకోచోట అద్దెకి దిగుతా. ఇక్కడికొచ్చే పదకొండు మందీ నన్ను ఈ ఇంటి పెద్దకోడలనుకుంటున్నారు. నలభై ఆరేళ్ళు పట్టింది ఆ మాట నిలబెట్టుకోవడానికి. గుమ్మంలోంచి వెళ్ళగొట్టారని కాగితం మీద రాసి మెట్లు తెచ్చుకోమంటావా? నాకొద్దు."

"మరి అబద్ధం రాయనా?"

"నీ చేత అబద్ధం ఎందుకు రాయిస్తాను? ఏళ్ళు రాయి. కారణం రాయకు. అంతే." సరేనని మాటిచ్చాను. ఆవిడ మళ్ళీ కత్తెర తీసుకుంది. కిందకి దిగుతూ నేనే తొమ్మిదో మెట్టు దగ్గర తట్టుకున్నాను, ముప్పై ఏళ్ళుగా తెలిసిన మెట్టే అయినా.

ఆదివారం పొద్దున్న నడవలోనే అందరం కలిశాం. దుకాణం ఆయన తెల్ల చొక్కాలో వచ్చి వీధి తలుపు దగ్గర నిలబడ్డాడు. పిన్నికి హాలు గుమ్మంలో కుర్చీ వేశారు, బాబాయి దాని వెనక. పెద్దమ్మ మూడో మెట్టు మీద. నేను కాగితం చదివాను. గోడ మందం చదివాను, ఇటుక కొలత చదివాను, చివరికి ఒక్క వాక్యం, "నడవా మెట్లూ నలభై ఆరేళ్ళ క్రితం అదనంగా కట్టినవి" అని. మడత పెట్టేశాను.

బాబాయి మొహం చూశాను. గెలిచిన మనిషి మొహంలా లేదు అది.

దుకాణం ఆయన గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగుందండీ. కట్టిందెవరో మాత్రం రాయలేదే?"

"సున్నంలో పేర్లుండవండీ" అన్నాను.

"అది కాదమ్మా, రేపు ఎవరో వచ్చి మావాళ్ళు కట్టారంటే కోర్టుల చుట్టూ తిరిగేది నేను కదా. ఎవరు కట్టించారండీ?" అని బాబాయిని అడిగాడు. "మీ నాన్నగారేనా?"

అవును అంటే అయిపోయేది. పెద్దమ్మ కాదనేది కాదు. నేనూ కాదనేదాన్ని కాదు, మాటిచ్చాను. బాబాయి పిన్ని కుర్చీ వీపు పట్టుకుని కాసేపు నేల చూశాడు.

"మా అన్న కట్టాడు" అన్నాడు.

"ఎందుకండీ?"

"కుట్టు నేర్చుకునేవాళ్ళకి దారి విడిగా ఉంటుందని" అంది పెద్దమ్మ గబుక్కున.

"కాదు" అన్నాడు బాబాయి. "అప్పటికి కుట్టూ లేదు, మిషన్లూ లేవు. నాకు పదకొండేళ్ళు. ఇసుక జల్లెడ పట్టింది నేనే, నాకు తెలియదా? వదిన బండి దిగి ఆ గుమ్మం దగ్గర నిలబడితే, లోపలికి రావద్దని చెప్పి రమ్మని అమ్మ పంపింది నన్నే. వెళ్ళి చెప్పాను. నలుగురూ వినేలా గట్టిగా చెప్పాను, పెద్దవాణ్ణయిపోయాననుకుని."

నాకప్పుడు అర్థమైంది. కొలవమని బాబాయి అన్ననాడే మెట్లు ఎప్పటివో ఆయనకి తెలుసు. పెద్దమ్మకీ తెలుసు. తెలియనిదల్లా టేపు పట్టుకుని తిరిగిన నాకే.

ఆయనే నా వైపు తిరిగి ఒప్పుకున్నాడు. "నా నోటితో చెప్పక్కర్లేకుండా గోడ చెప్పేస్తుందనుకున్నానే. తప్పు నాదే."

"చిన్నపిల్లాడివి. పంపితే వచ్చావు. ఇప్పుడెందుకు చిన్నా ఆ మాటలు?" అంది పెద్దమ్మ. ఆయన్ని ఆవిడ చిన్నా అని పిలవడం నేను వినడం అదే మొదటిసారి.

"అప్పుడు చిన్నపిల్లాణ్ణి. ఇప్పుడు యాభై ఏడేళ్ళు కదా వదినా."

దుకాణం ఆయనకి ఎటు చూడాలో తోచలేదు. మీలో మీరు తేల్చుకుని కబురు పెట్టండన్నాడు. తేలిపోయిందండీ, మెట్లు అమ్మేది లేదు అన్నాడు బాబాయి. ఆ పెద్దమనిషి మంచివాడే, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

వీధి తలుపు పడ్డాక పిన్ని గట్టిగా దగ్గి, పైట కొంగుతో మూతి తుడుచుకుంది. "బాగుంది. ఒక్క పూటలో అందరూ మంచివాళ్ళయిపోయారు. నా దగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు" అంది. ఎవరికీ నవ్వు రాలేదు, ఆవిడకి తప్ప.

మూడు రోజులు బాబాయి అద్దె ఇళ్ళు చూడ్డానికి వెళ్ళి మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. కింది భాగం అమ్మకుండా పొడి ఇల్లు దొరికే దారి ఆయనకి కనిపించలేదు, నాకూ కనిపించలేదు. నాలుగో రోజు పొద్దున్న నేను నడవలో పటాలు చుట్టుకుంటుంటే పెద్దమ్మ దిగి వచ్చి మూడో మెట్టు మీద ఆగింది.

"చిన్నా" అని పిలిచింది. బాబాయి గుమ్మంలోకి వచ్చాడు. "పైన గోడలకి చెమ్మ లేదు. నాలుగు వైపులా గాలి. నువ్వూ చెల్లీ పైకెళ్ళండి. నా మిషన్లు కిందకి దించుతా."

"హాల్లోకా?" అన్నాడు బాబాయి.

"హాల్లోకే. నా మోకాళ్ళు కూడా పదిహేడు మెట్లు ఎక్కనంటున్నాయి."

"చెమ్మకి బట్టలు పాడవుతాయి వదినా."

"బల్లలెత్తి పైన పెట్టుకుంటా. మిషన్లకి నూనె పెట్టుకుంటా. బట్టలకి దగ్గు రాదుగా."

లోపల్నుంచి పిన్ని, "ఆయన్ని అడుగుతావేంటక్కా, దగ్గేది నేను. నేనొప్పుకున్నా" అంది.

యూనిఫారాలు అప్పజెప్పేసి, వానలకి వారం ముందు సామాను మార్చాం. పదకొండు మంది ఆడవాళ్ళు మెట్ల మీద వరుసగా నిలబడి గిన్నెలు పైకీ గుడ్డల మూటలు కిందకీ చేతులు మార్చారు. నా పటాలు చూసి ఏ బల్ల ఎక్కడ పడుతుందో నేను చెబుతున్నాను. అందరికంటే చివర బాబాయి పెద్దమ్మ సొంత మిషన్ చేతుల్లో పెట్టుకుని దిగాడు, వెనకాలే కత్తెర పెట్టెతో పెద్దమ్మ. ఆయన హాలు గుమ్మం దాటి లోపలికి వచ్చి చూసుకుంటే ఆవిడ వెనక లేదు. చెప్పులు విప్పి గుమ్మం అవతలే నిలబడి ఉంది.

మెట్ల మీంచి పిన్ని తొంగి చూసింది. "అక్కా, నువ్వక్కడే నిలబడితే మిషన్ ఎక్కడ దించాలో ఆయనకెలా తెలుస్తుంది? చేతులు పడిపోతున్నాయి పాపం."

పెద్దమ్మ కదల్లేదు. బాబాయి మిషన్ కింద పెట్టేశాడు. గుమ్మం దగ్గరికి తిరిగొచ్చాడు. గొంతు పెద్దగా రాలేదు.

"లోపలికి రా వదినా."

ఆవిడ వచ్చింది. రెండడుగులు వేసి ఆగి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చూసింది. తల ఎత్తి పైకప్పు చూసింది. కిటికీల దాకా నడిచి వెనక్కి తిరిగింది.

"ఇంతేనా?" అని నన్ను అడిగింది.

"పదహారడుగులు, పదకొండున్నర పెద్దమ్మా."

"ఆరు మిషన్లు పట్టవు. ఒకటి నడవలో వేయాలి" అని కత్తెర పెట్టె కిటికీలో పెట్టి, "నేనింకా చాలా పెద్దదనుకున్నా" అంది.